పోచంపల్లి దారి (దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌ల నుంచి చేనేత గ్రామాల యాత్ర)

హైదరాబాద్ తూర్పు అంచునున్న దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌ల నుంచి విజయవాడ రహదారి పట్టుకుని ఒక పూటలో వెళ్లి రాదగిన నేతపల్లెలు, గుళ్లు, శాసన స్థలాలకు కలిపి వాడుతున్న పేరు ఇది. భూదాన్ పోచంపల్లి, కొయ్యలగూడెం, పుట్టపాక ఇందులో ముఖ్యమైనవి. మూడూ నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలోనివే. పర్యాటక కరపత్రాలు యాదగిరిగుట్ట, కొలనుపాకలను కూడా ఇందులోనే కలిపేస్తాయి. నిజానికి అవి వరంగల్ దారి వైపు ఊళ్లు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట–ఎల్బీనగర్ మెట్రో మొదలయ్యాక నగరం అవతలి కొస నుంచి వచ్చేవారికీ బయలుదేరే చోటు ఎల్బీనగరే అయింది.

బయలుదేరే చోట

దిల్‌సుఖ్ రాం పర్షాద్ అనే భూస్వామి పొలాలు ప్లాట్లుగా మారి దిల్‌సుఖ్‌నగర్ అయిందని చెబుతారు. ఎల్బీనగర్ లాల్ బహదూర్ శాస్త్రి పేరిట వెలసింది. కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడిని 12వ శతాబ్దంలో కాకతీయ ప్రోలరాజు కట్టించాడన్నది స్థలపురాణం. ఇప్పుడు కనిపించే కట్టడాలు మాత్రం చాలా తర్వాతివి.

వీటికన్నా గట్టి ఆధారం మూసీ ఒడ్డున, చైతన్యపురి కోసగుండ్ల నరసింహస్వామి గుట్టమీద ఉంది. అక్కడి బండపై బ్రాహ్మీ లిపిలో ఉన్న ప్రాకృత శాసనం గోవిందరాజ విహారాన్ని పేర్కొంటుంది. ఆ గోవిందరాజు విష్ణుకుండిన గోవిందవర్మేనని చరిత్రకారులు ఎక్కువమంది ఒప్పుకుంటారు. అతని పాలనా కాలం దగ్గరే పేచీ. విష్ణుకుండినుల వంశక్రమాన్ని ఒక్కొక్కరు ఒక్కోలా కూర్చడంతో తేదీలు దశాబ్దాల తేడాతో కనిపిస్తాయి. స్థూలంగా 5వ శతాబ్దం అనుకోవడం క్షేమం. ఈ వంశానికి గట్టిగా నిలిచే తేదీ రామన్నపేట వైపు తుమ్మలగూడెంలో (శాసనాల ఇంద్రపాలనగరం) దొరికిన రాగిరేకుల్లో ఉంది. విక్రమేంద్రవర్మ వేయించిన ఆ శాసనంలో శక సంవత్సరం 488 అని, అంటే క్రీ.శ. 566 అని స్పష్టంగా రాసి ఉంది. అక్కడే దొరికిన గోవిందవర్మ రేకులు అతని రాణి పరమ మహాదేవి కట్టించిన బౌద్ధ విహారం సంగతి చెబుతాయి. ఇంత పాత ఆనవాలు పక్కనే ఉన్నా చైతన్యపురి మెట్రో స్టేషన్‌లో దిగేవారిలో గుట్ట ఎక్కేది బహు కొద్దిమంది.

పోచంపల్లి

హయత్‌నగర్ దాటాక రహదారి నుంచి ఎడమకు మళ్లాలి. ఎల్బీనగర్ నుంచి సుమారు 40 కిలోమీటర్లు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఇక్కడికి వచ్చినప్పుడు దళితులు 80 ఎకరాలు, అందులో సగం తరి, సగం మెట్ట కావాలని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డాడు. భూదానోద్యమం అలా మొదలై, ‘భూదాన్’ అన్న మాట ఊరి పేరు ముందు చేరింది. దానం మొత్తాన్ని ఇంతకన్నా పెద్ద అంకెలతో చెప్పే కథనాలూ ఉన్నాయి. ఆనాటి సభకు సంబంధించినంతవరకు 100 అన్న మాటే నిలుస్తుంది. వినోబా బస చేసిన చోట ఇప్పుడు స్మారక మందిరం ఉంది. చెరువు పక్కన గ్రామీణ పర్యాటక కేంద్రం, ఊళ్లో నూటొక్క దర్వాజల మేడ చూడవచ్చు.

2021 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ మాడ్రిడ్‌లో ప్రకటించిన మేటి పర్యాటక గ్రామాల తొలి జాబితాలో పోచంపల్లి చోటు సంపాదించింది.  మేటి గ్రామం అనిపించుకునేనాటికే పోచంపల్లి పురపాలక సంఘం అయి మూడేళ్లయింది. ఈ సంగతి ప్రశంసాపత్రాల్లో కనబడదు.

పోచంపల్లికి పేరు తెచ్చిన చిటికి నేత (దారానికే ముందు రంగు వేసి నేసేది) ఎక్కడిదన్నదానిమీద రెండు మాటలున్నాయి. తాతల నాటి నుంచీ ఇక్కడిదేనన్నది ఊరి మాట. చీరాల తేలియా రుమాళ్ల పనితనాన్ని 20వ శతాబ్దం తొలి దశకాల్లో నల్లగొండ పద్మశాలీలు అందిపుచ్చుకున్నారన్నది పరిశోధకుల మాట. అరబ్బు దేశాలకు, తూర్పు ఆఫ్రికాకు ఎగుమతైన ఆ రుమాళ్ల ఎరుపు, నలుపు, తెలుపు గళ్లు ఇక్కడి పాత నూలు నమూనాల్లోనూ కనిపిస్తాయి కాబట్టి రెండో మాటే నమ్మదగినది. పట్టు చాలా తర్వాత, సుమారు 1970 ప్రాంతంలో వచ్చి చేరింది.

ఈ నేతకు భౌగోళిక సూచిక (జీఐ) నమోదు సంవత్సరాన్ని కొందరు 2004 అనీ, మరికొందరు 2005 అనీ రాస్తారు. దరఖాస్తు 2003 డిసెంబరు నాటిది. దేశంలో ఈ గుర్తింపు పొందిన మొదటి హస్తకళ ఇదేనన్న ప్రచారం మాత్రం నిలవదు. జాబితాలో ఆరన్ముళ అద్దం 3వది, పోచంపల్లి 4వది.

పని తీరు

బట్ట నేశాక రంగు వేసేది అద్దకం. ఇక్కడ నేయకముందే దారంమీద బొమ్మ పడుతుంది. నేతగాళ్లు దీన్ని చిటికి అంటారు. పాత పుస్తకాల్లో పగడుబందు, బుద్దవాసి అన్న పేర్లూ ఉన్నాయి. పట్టుదారాన్ని సబ్బునీళ్లలో ఉడికించి జిగురు వదిలిస్తారు. తర్వాతది ఆసు పోయడం. ఒక చివర ఒకే మేకు, ఎదుటివైపు అర్ధచంద్రాకారంలో వరస మేకులు ఉన్న చట్రం మీద దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ పోవాలి. ఒక చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు తిరుగుతుందని లెక్క చెబుతారు. ఇది ఇంట్లో ఆడవాళ్ల వాటా. భుజం నొప్పి ఈ పనితోనే వస్తుంది.

గ్రాఫు కాగితంమీది గళ్లను చూసుకుంటూ దారాల కట్టలపై గుర్తులు పెట్టి, పాత సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పేలికలతో బిగించి కడతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. ఒక రంగయ్యాక కొన్ని కట్లు విప్పి, కొన్ని కొత్తగా కట్టి మళ్లీ ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు ఈ తతంగం. కట్టు అంచున రంగు కాస్త పాకడం వల్ల, మగ్గంమీద దారం వెంట్రుకవాసి జరగడం వల్ల బొమ్మ అంచులు మసకగా, ఈకలు తేలినట్టు ఉంటాయి. పేకకు మాత్రమే చిటికి కడితే పని కాస్త తేలిక. పడుగుకూ పేకకూ కట్టి, గుంట మగ్గంమీద రెండింటి బొమ్మా ఒకేచోట కలిసేలా నేయడం కష్టం. దానికి పేరుపడ్డ ఊరు పుట్టపాక. పద్మశ్రీలు గజం గోవర్ధన (2011), గజం అంజయ్య (2013) ఆ ఊరివారే. జపాన్‌లో కసూరి పేరుతో నడిచే నేతది కూడా ఇదే సూత్రం.

ఆలేరు దగ్గరి శారాజీపేట వాసి చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి పడే బాధ చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి ఆమె పేరే పెట్టారు. నాలుగైదు గంటల పని రెండు గంటల లోపుకు దిగింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పల్లె ఆడవాళ్లకు జరిగిన మేలు విషయంలో ఈ యంత్రాన్ని పర్యాటక పురస్కారాలకన్నా ముందు చెప్పాలి.

మిగతావి

కొయ్యలగూడెం రహదారి మీదే ఉంది. నూలు దుప్పట్లకు ప్రసిద్ధి. యాదగిరిగుట్ట ఆలయం 2016లో మొదలైన పునర్నిర్మాణం తర్వాత 2022 మార్చి 28న భక్తులకు తెరుచుకుంది. కొలనుపాక జైనాలయం రెండు వేల ఏళ్లనాటిదని అంటారు. శాసనాల బలం ఉన్నది రాష్ట్రకూట, కళ్యాణి చాళుక్యుల కాలం నుంచే.   

మగ్గాలు ఇళ్లలోనే ఉంటాయి కాబట్టి ఇంటివారిని అడిగి లోపలికి వెళ్లడం మర్యాద. పోచంపల్లి పేరుతో అచ్చువేసిన మరమగ్గం బట్ట నగరం దుకాణాల్లో విరివిగా దొరుకుతుంది. అచ్చు బట్టకు వెనకవైపు బొమ్మ వెలిసినట్టు ఉంటుంది, చిటికి బట్టకు రెండు వైపులా ఒకేలా ఉంటుంది. కొనేవారు తిరగేసి చూసి కొనాలి.