పద్దుల్లోకెక్కని అల్లిక

కర్నూలు జిల్లా మీద నరహరి గోపాలకృష్ణమ శెట్టి 1886లో ఒక మాన్యువల్ రాశారు. కడప మీద అంతకు ముందే, 1875లో, గ్రిబుల్ అనే దొర రాసిపెట్టాడు. రెండూ కలెక్టరు కచేరీకి అక్కరకొచ్చేలా రాసిన పుస్తకాలు. భూములు, శిస్తులు, చెరువులు, కరువులు, నీలిమందు, మగ్గాలు... సర్కారు ఖజానాకు పైసా వచ్చే దారులన్నిటి మీదా అలాంటి పుస్తకాలకు కన్నుంటుంది. ఇంట్లో ఆడమనిషి తన బిడ్డకు అల్లిన టోపీ మీద ఎవరూ పన్ను వేయలేదు. కాబట్టి మా రెండు జిల్లాల్లో ఊలు అల్లిక ఎవరు నేర్పారు, ఎవరు నేర్చారు, ఏమేం అల్లారు అని తెలుసుకోవాలంటే కచేరీ కాగితాల కంటే ఇంట్లో ట్రంకు పెట్టెలే నయం.

నేను పుట్టింది కర్నూలు పాతబస్తీలో, మెట్టింది కడప జిల్లా ప్రొద్దుటూరులో. బడిలో లెక్కలు చెబుతాను. ఇంటికొచ్చాక వంటా వార్పూ, వాటి మధ్య సందు దొరికితే అల్లిక. ఇప్పుడు సూదుల మీదున్నది మా అన్న కూతురికి పసుపుపచ్చ స్వెటరు. వెనక పలక, ముందు పలక అయిపోయాయి. ఒక చెయ్యి మోచేతి దాకా వచ్చి ఆగింది, ఎందుకంటే చుట్టాలొచ్చారు, ఓళిగలు చేయాల్సి వచ్చింది. చూసినవాళ్ళంతా అడిగేది ఒకటే: "ఈ ఎండలకు ఊలేందమ్మా?" కర్నూల్లో మా జేజి (నాన్నమ్మ) ఇప్పటికీ ఆ మాట అంటుంది, నాకు సూదులు పట్టడం నేర్పింది తనే అయినా సరే. "ఒళ్ళు ఉడికిపోతాంటే ఒళ్ళో ఊలుండ పెట్టుకోని కూచుంటివి గదే పాపా" అంటూనే నా కుట్లు లెక్కపెడుతుంది.

నిజానికి ఈ ఎండల సీమకు ఉన్ని కొత్తేమీ కాదు. ఆలూరు, పత్తికొండ, ఆదోని వైపు కురువ ఇళ్ళలో కంబళి తరతరాల పని. దక్కను నల్ల గొర్రెల బొచ్చు ముతకగా ఉంటుంది. దాన్ని కత్తిరించి, చిక్కు తీసి, ఏకి, రాట్నం మీద నూలుగా వడుకుతారు. పడుగుకు చింతగింజల గంజి పట్టించి, ఆరబెట్టి, గుంట మగ్గం మీద నేస్తారు. రంగు అద్దే పని లేదు, గొర్రె రంగే కంబళి రంగు. గొర్రెల కాపరికి అది ఎండలో నీడ, వానలో గొడుగు, రాత్రి పరుపు. ఒక మూల మడిచి తలకు తగిలించుకుంటే జడివానలో కూడా మంద వెంట నడవచ్చు. దేవుడి పనికీ అదే. శివభక్తులైన గొరవయ్యలు నల్ల కంబళి అంగీ తొడిగి, ఎలుగుబంటి తోలు టోపీ పెట్టి, డమరుకం పట్టుకుని ఆడతారు. ఉన్ని ఊసెత్తితే చలిదేశం గుర్తుకు రావడం మాలాంటి పట్నవాసుల అలవాటు. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకోవడం అంటే ఏమిటో తెలిసిన సీమ ఇది.

ఈ పనిలో చూడాల్సిన సంగతి ఒకటుంది. కురువ ఇంట్లో ఉన్ని ఏకి వడికేది ఎక్కువగా ఆడవాళ్ళు, మగ్గం మీద కూర్చునేది మగవాడు. కంపెనీ కాలంలో మగ్గాల మీద మొహతర్ఫా అనే పన్ను ఉండేది, పంతొమ్మిదో శతాబ్దం మధ్య దాకా వసూలైంది. పన్ను మగ్గానికి, మగ్గం మగవాడిది. రాట్నానికి పన్ను లేదు, రాట్నం ముందు కూర్చున్న మనిషికి పద్దూ లేదు. సంతలో కంబళి బేరం చేసేవాళ్ళకు అది ఎవరి నేతో తెలుస్తుంది, ఎవరి వడుకో ఎవరూ అడగరు.

మా అత్తగారి పుట్టిల్లు చేనేత ఇల్లే, సిద్ధవటం దగ్గర మాధవరం. పెళ్ళి దాకా ఆమె చేసిన పని కండెలు చుట్టడం. పొద్దున సంగటి కెలికి, పిల్లలకు నీళ్ళు పోసి, రాట్నం ముందు కూర్చుంటే మళ్ళీ మధ్యాహ్నం పొయ్యి ముట్టించేదాకా కండె మీద కండె. కూలి లెక్క మాత్రం చీరకింత అని వాళ్ళ నాయన చేతికి వచ్చేది. "నేనెంత చుట్టినానో మా నాయనకే తెల్దు, ఇంక షావుకారుకేం తెలుస్తాది" అంటుంది. 2019-20లో జరిగిన నాలుగో చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివారు 35 లక్షల పైమాట, అందులో నూటికి 70 మందికి మించి ఆడవాళ్ళే. గణనలోనైనా ఆ చేతులు లెక్కలోకి వచ్చాయి.

సూదులతో అల్లే పని మాత్రం మనకు దొరసానుల వెంట వచ్చింది. లండన్ మిషన్ వాళ్ళు 1822లో కడపలో అడుగుపెట్టారు. నంద్యాల వైపు ఎస్పీజీ మిషన్, కర్నూల్లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ తర్వాత వచ్చాయి. మిషన్ల ఆడపిల్లల బడుల్లో చదువూ, బైబిలూ, వాటితో పాటు సూది పనీ నేర్పడం ఆనాటి పద్ధతి. ఇదే పద్ధతి గోదావరి ఒడ్డున ఇంకో దారి పట్టింది. నరసాపురం చుట్టుపక్కల మిషన్ వాళ్ళు నేర్పిన క్రోషా లేసు ఓడలెక్కి విదేశాలకు పోయింది, పెద్ద వ్యాపారమైంది. 1982లో మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త ఆ లేసు పనివాళ్ళ మీద పుస్తకం రాసింది. ఆమె తేల్చింది ఇది: పూటంతా వంచిన తల ఎత్తకుండా అల్లే ఆ ఆడవాళ్ళను ఎవరూ కూలీలు అనరు, తీరిక వేళ ఏదో చేసుకునే ఇల్లాళ్ళంటారు. ఆ పేరు చెప్పి చేతిలో పెట్టేది చిల్లర. బేరం, ఎగుమతి, లాభం వర్తకులవి. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరు చట్టం దాకా ఎక్కింది. ఒక్కో పువ్వు అల్లిన చేతి పేరు ఎక్కడా లేదు.

కర్నూలు, కడపల్లో సూది పనికి అలాంటి వ్యాపారం అంటుకోలేదు. కరువు సీమలో కూలి దొరికే పని శెనగ చేలోనో, రాతి గనిలోనో, మగ్గం దగ్గరో ఉండేది. ఊలు కొనాలంటే డబ్బులు కావాలి, కొన్నాక ముణ్ణెల్ల చలికి తప్ప తొడగడానికి లేదు. అందువల్ల అది ఇళ్ళలోనే మిగిలింది.

మా ఇంట్లోకి మాత్రం అల్లిక మిషన్ బడి నుంచి రాలేదు, రాజధానితో వచ్చింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. ఊరికి అంత బలగాన్ని తట్టుకునే శక్తి లేదు. ఆఫీసులు గుడారాల్లో నడిచాయి, ఉద్యోగులూ గుడారాల్లో కాపురం చేశారు. కాస్త చేతనైనవాళ్ళు గదులు బాడుగకు పట్టుకున్నారు. అలా మద్రాసు నుంచి వచ్చిన ఒక గుమాస్తా కుటుంబం మా జేజి వాళ్ళ వీధి గదిలో దిగింది. ఆ ఇల్లాలు రెండో ప్రపంచ యుద్ధం నాటికి మద్రాసులో బడిపిల్ల. సైనికుల కోసం మహిళా సంఘాలు మేజోళ్ళు, మఫ్లర్లు అల్లించే రోజుల్లో ఆమె అల్లిక నేర్చింది. కర్నూల్లో సాయంత్రాలు అరుగు మీద కూర్చుని అల్లుతుంటే, పదమూడేళ్ళ మా జేజి పక్కన చేరింది.

1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. గుమాస్తా కుటుంబమూ మూటాముల్లె సర్దుకుంది, సూదులతో సహా. జేజికి చేతిలో పని మిగిలింది, పనిముట్టు లేదు. ఇంట్లో విరిగిన గొడుగుంటే దాని కమ్ములు రెండు ఊడదీసి, కొనలు బండకేసి అరగదీసి, వాటితో అల్లింది. ఆ కమ్ముల మీద కుట్లు జారిపోకుండా ఇంకో కొసకు లక్క ముద్ద అంటించింది. తర్వాత సైకిలు పుల్లలతో కూడా అల్లానంటుంది. నిట్ కుట్టు, పర్ల్ కుట్టు తప్ప తనకు వేరే పేర్లేవీ తెలియవు. ఆ రెండింటితోనే ముగ్గు చుక్కల్లా లెక్కేసుకుని ఎన్ని నమూనాలైనా తీస్తుంది.

ఊలు కరువు కాబట్టి ఒకే ఊలు చాలాసార్లు పుట్టేది. మా పెద్దనాన్నకు అల్లిన ఎర్ర స్వెటరు ఏడాది తిరిగేసరికి పొట్టయ్యేది. స్వెటరు కింది అంచు నుంచి మొదలై మెడ దగ్గర ముగుస్తుంది కనుక విప్పడం మెడ దగ్గర మొదలు. చివరి ముడి దొరికించుకుని లాగితే వరస వెంట వరస ఊడి వస్తుంది. అలా వచ్చిన ఊలు వంకర్లు తిరిగి ఉంటుంది, దానితో అల్లితే పని సాపుగా రాదు. అందుకని కుర్చీ వీపుకు చుట్టి, నాలుగు చోట్ల దారంతో కట్టి, చల్లనీళ్ళలో ముంచి, కింద చెంబు వేలాడదీసి ఆరబెట్టేవారు. ఆ బరువుకు వంకర్లు పోతాయి. మళ్ళీ ఉండ చుట్టి, చేతులకూ అంచులకూ ఇంకో రంగు కలిపితే అదే మా నాన్న స్వెటరు. మా నాన్న తర్వాత మేనత్తది. మా ఇంటి పాత ఫొటోల్లో ముగ్గురు పిల్లలూ వేర్వేరు ఏళ్ళలో దాదాపు ఒకే ఊలు తొడుక్కుని ఉంటారు.

1952లో మొదలైన సమాజ వికాస పథకంతో ఊళ్ళలో మహిళా మండళ్ళు వచ్చాయి, కుట్టు మిషన్లూ అల్లికల తరగతులూ వచ్చాయి. సర్కారు పెట్టే టైలరింగ్, ఎంబ్రాయిడరీ పరీక్షల్లో లోయరు, హయ్యరు పాసైతే బడిలో క్రాఫ్టు టీచరు ఉద్యోగానికి ఆశ ఉండేది. మా అమ్మ ఆ వరస మనిషి. ఆమె కాలానికి లూథియానా నుంచి వచ్చే అక్రిలిక్ ఊలు చవకైంది, రంగులు పెరిగాయి. ఆడవాళ్ళ పత్రికల్లో నమూనాలు వచ్చేవి. మధ్యాహ్నం అంట్లు తోమాక నలుగురు చేరితే ఒకరి చేతిలో ప్లాస్టిక్ వైరు బుట్ట, ఒకరి చేతిలో కేస్‌మెంటు గుడ్డ మీద నెమలి, ఒకరి చేతిలో గుమ్మానికి క్రోషా తోరణం. టీవీ వచ్చిన ప్రతి ఇంట్లో దానికి అల్లిన తొడుగు కూడా వచ్చింది. తర్వాత రెడీమేడ్ స్వెటర్లు చవకయ్యాయి, సాయంత్రాలు సీరియళ్ళ పాలయ్యాయి.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు మా ట్రంకు పెట్టె కూడా మునిగింది. నీళ్ళు తీశాక బయటపడిన వాటిని జేజి మిద్దె మీద వరసగా పరిచింది. అమ్మ నమూనాలు రాసుకున్న నోటు పుస్తకంలో సిరా మిగల్లేదు. అక్రిలిక్ స్వెటర్లు బురద వదిలించగానే ఎప్పటిలా తేలాయి. పెద్దనాన్నతో మొదలైన ఎర్ర స్వెటరు అసలు ఉన్నిది. దాన్ని వాసన పోవాలని ఎవరో వేణ్ణీళ్ళలో సబ్బుపెట్టి గట్టిగా ఉతికారు. సగానికి సగం ముడుచుకుని అట్టలా బిగిసింది. ఉన్ని పోగు మీద కంటికి కనపడని పొలుసులుంటాయి. వేడీ రాపిడీ తగిలితే అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఇక వదలవు. స్వెటరును చెడగొట్టిన ఆ పట్టే కంబళికి బలం. తొక్కుడు పడేకొద్దీ, తడిసేకొద్దీ గట్టిపడి వాన నీటికి సందు ఇవ్వదు. ముత్తాత కొన్న కంబళి ఆ వరద బురదంతా తాగి, రోజుల తరబడి ఎండి, దులిపితే మళ్ళీ కంబళే అయింది.

కంబళికి ఇప్పుడు వచ్చిన కష్టం నీటితో కాదు. మాంసానికి ధర పెరిగి, బొచ్చుకు ధర పడిపోయింది. కాపర్లు నల్ల గొర్రెలకు బదులు త్వరగా బరువెక్కే నెల్లూరు జాతి వైపు మళ్ళారు, వాటికి ఉన్ని ఉండదు. బొచ్చు అమ్మితే కత్తిరించిన కూలి కూడా గిట్టదని దాన్ని పారేసేవాళ్ళూ ఉన్నారు. అమ్మకం మీదే బతికిన పనికి అమ్మకం పోతే ఏమవుతుందో కంబళి చెబుతోంది. మా ఊలు అల్లిక ఎప్పుడూ అమ్మకం మీద బతకలేదు గనుక బజారు దాన్ని చంపలేకపోయింది. అలాగని దాన్ని నెత్తికెత్తుకోను. నరసాపురం ఇల్లాళ్ళకు చిల్లరైనా వచ్చింది, మా జేజికి అదీ రాలేదు. దక్కింది ఒక్కటే: ఇంట్లో ఏ స్వెటరు బయటికి తీసినా "ఇది జేజి అల్లింది, ఇది అమ్మ అల్లింది" అని చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. మా అత్త చుట్టిన కండెలకు ఆ పాటి పేరు కూడా లేదు.

బహుశా అందుకే, ప్రొద్దుటూరులో నా అల్లికను అందరికంటే ముందు పట్టించుకుంది మా అత్తే. సంగటి నేను కెలుకుతానన్నా వినకుండా "నువ్వా చెయ్యి ముగించుపో" అని తోలుతుంది. మొన్న పక్కింటామె పసుపు స్వెటరు చూసి ముచ్చటపడి, తన మనవడికి ఒకటి కావాలి, ఎంతకిస్తావని అడిగింది. నేను ఊలు ఖరీదు, పట్టే గంటలు మనసులో గుణిస్తున్నాను. లెక్కల టీచరును కదా, కూలి ఎలా వేసినా షాపులో దొరికే స్వెటరు కంటే ఎక్కువే తేలుతోంది. ఇంతలో అత్త అందుకుంది. "అమ్మేది కాదులే అక్కా. మీ కోడలిని పంపు, పనైనాక కూచోని నేర్చుకుంటాది."

ఆ కోడలు వచ్చింది. వాళ్ళ అత్త చెప్పిన స్వెటరు పక్కనపెట్టి మొదట తన ఫోనుకు సంచి అల్లుకుంది. కుట్లు వదులుగా ఉన్నాయి, ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ. అయినా వీధిలో ఎవరు అడిగినా "నేనే అల్లినా" అంటోంది.