మెట్ట పల్లెల ఆరోగ్యానికి ఊరి కేంద్రాలే అండ

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలు పూర్వపు కృష్ణా జిల్లాలో పడమటి మెట్ట. 2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లా ఏర్పడినపుడు ఇక్కడి ఏడు మండలాలతో నందిగామ రెవెన్యూ డివిజన్ అవతరించింది. పత్తి, మిర్చి పండించే ఈ పల్లెల ప్రజలు పెద్ద వైద్యానికి విజయవాడ వెళ్లడం పరిపాటి. రోగం అంతవరకు ముదరకుండా చూడవలసిన బాధ్యత మాత్రం ఊరిలోని అంగన్‌వాడీ, ఆరోగ్య ఉపకేంద్రం, పంచాయతీలదే. 2024 జూన్‌లో జగ్గయ్యపేట ప్రాంతంలో ప్రబలిన అతిసారం, అదే ఏడాది సెప్టెంబరు ఆరంభంలో వచ్చిన మునేరు వరద ఈ అవసరాన్ని మరోమారు చాటాయి.

తల్లీబిడ్డల సేవలు

సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. దీని కింద నడిచే అంగన్‌వాడీలలో గర్భిణులకు, బాలింతలకు, ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు పోషకాహారం అందుతుంది. మిర్చి కోతల కాలంలో తల్లులు తెల్లవారకముందే కూలికి వెళతారు. అటువంటి రోజుల్లో మూడేళ్లు దాటిన పిల్లలకు వేడి భోజనం, ఆలన దొరికే చోటు ఇదే. నెలనెలా తూకం వేయించి ఎదుగుదల పట్టికలో నమోదు చేయిస్తే బరువు తగ్గిన బిడ్డను ముందుగానే గుర్తించవచ్చు.

టీకాలు సాధారణంగా బుధ, శనివారాల్లో వేస్తారు. గర్భిణులకు ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో ప్రత్యేక పరీక్షలు జరిపే కార్యక్రమం 2016లో ప్రారంభమైంది. రక్తహీనత నివారణకు గర్భిణులు కనీసం 180 రోజులు ఐరన్ మాత్రలు వాడవలసి ఉంటుంది.

నీరు కలుషితమైతే

వానాకాలంలో మంచినీటి గొట్టాలు మురుగు కాలువల గుండా పోయే చోట్ల ముప్పు ఎక్కువ. కుళాయి చివర నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. క్లోరోస్కోపుతో ఈ పరీక్ష నిమిషాలలో పూర్తవుతుంది. ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురికి విరేచనాలు పట్టుకుంటే వెంటనే ఆశా కార్యకర్తకు, పంచాయతీకి తెలపాలి. ఆలస్యం జరిగిన కొద్దీ అదే నీరు మరిన్ని ఇళ్లకు చేరుతుంది.

రోగికి ఓఆర్ఎస్ పట్టాలి. పొట్లం లేకుంటే కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపాలి. టీ చెంచాతో తలకొట్టి కొలవాలి, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. కలిపిన ద్రావణాన్ని 24 గంటలు దాటాక పారబోయాలి. ఆరు నెలలు దాటి అయిదేళ్ల లోపు పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల వంతున 14 రోజులు జింకు ఇస్తారు. కళ్లు గుంటలు పడినా, మలంలో రక్తం కనిపించినా, నీరు తాగలేకపోయినా 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి తరలించాలి.

పొలం పనిలో జాగ్రత్త

పురుగుమందు చల్లేవారు గాలికి ఎదురుగా నిలబడరాదు. ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు ధరించి, పని ముగిశాక సబ్బుతో స్నానం చేయాలి. ఖాళీ డబ్బాలను నీటికి వాడరాదు. తల తిరిగినా, వాంతులైనా మందు డబ్బాను వెంట తీసుకువెళితే వైద్యుడికి చికిత్స సులువవుతుంది. మహిళా సంఘాల సమావేశాలలో, రచ్చబండల వద్ద ఈ విషయాలు చెప్పించడం మేలు.

కమిటీ కూర్చోవాలి

2005లో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ప్రతి గ్రామానికీ ఆరోగ్య, పారిశుద్ధ్య కమిటీని నిర్దేశించింది. పంచాయతీ సభ్యులు, ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు, మహిళా సంఘాలవారు ఇందులో ఉంటారు. నెలకోసారి సమావేశమై నీటి పరీక్ష, టీకాలు, పారిశుద్ధ్యం సమీక్షించడం దీని విధి. కమిటీ పేరుకే మిగిలిన ఊళ్లలో గొట్టం పగిలిన సంగతి జబ్బు వచ్చాక గానీ బయటపడదు. సమావేశం ఎప్పుడు జరిగింది, నీటిని ఏ తేదీన పరీక్షించారు అని గ్రామసభలో అడిగే హక్కు ప్రతి ఓటరుకూ ఉంది. వానలకు ముందే అడగడం ఉత్తమం.