ఊగింది ఏది?

కావడికి ఒకవైపు నిండు బిందె, మరోవైపు చిన్న చెంబు కడితే భుజాన్ని బిందె దగ్గరికి జరుపుకోవాలి. నక్షత్రానికీ గ్రహానికీ మధ్య ఉన్నదీ ఇలాంటి తూకమే. రెండూ ఆ తూకం కుదిరే చోటు చుట్టూ తిరుగుతాయి. నక్షత్రం బిందెలా దాన్ని అంటిపెట్టుకుని కొద్దిగా ఊగుతుంది. కంటికి ఆనని గ్రహం బరువు కట్టాలంటే ఆ ఊపునే కొలవాలి.

మద్రాసు వేధశాల అధిపతి కెప్టెన్ జాకబ్ 1855లోనే ఆ పనికి పూనుకున్నాడు. 70 ఓఫియూకి జంట తారల నడక లెక్కకు కుదరకపోతే, గ్రహమేదో లాగుతోందన్నాడు. అది ఎవరికీ దొరకలేదు. 1963లో ఖగోళవేత్త వాన్ డి కాంప్ బర్నార్డ్ తారకు గ్రహం ఉందన్నాడు. దూరదర్శిని కటకానికి చేసిన మార్పులే తారను ఊగినట్టు చూపాయని తర్వాత తేలింది.

కథ రక్తి కట్టింది పల్సార్ల దగ్గర. పల్సార్ అనే తార గడియారంలా క్రమం తప్పక రేడియో తరంగాలు పంపుతుంది. గ్రహం లాగితే అవి ఓసారి ముందుగా, ఓసారి ఆలస్యంగా అందుతాయి. 1991లో ఆండ్రూ లైన్ బృందం ఒక పల్సార్ చుట్టూ ఆరు నెలలకోసారి తిరిగే గ్రహాన్ని ప్రకటించింది. మన ఏడాదిలో సరిగ్గా సగం! అనుమానించాల్సింది ఆ అంకెనే. భూమి కక్ష్య కాస్త కోలగా ఉంటుందన్న సంగతి లెక్కలో సరిగా పడలేదు. 1992 జనవరిలో అట్లాంటా సభలో లైన్ తప్పు ఒప్పుకుంటే సభికులంతా చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత మాట్లాడాల్సిన ఖగోళవేత్త వోల్ష్‌చాన్ తెచ్చినవీ పల్సార్ గ్రహాలే. పాపం, ఎలాంటి వంతు వచ్చింది! అయితే ఆయనవి రెండు, 66.5, 98.2 రోజుల కక్ష్యలవి. నిజంగా ఉంటే ఒకదాన్నొకటి లాగి తీరాలి. ఆ లాగుడు 1994లో దొరికింది. దాన్ని పట్టుకునే 2003లో అసలు బరువులు తేల్చారు: భూమికి 4.3, 3.9 రెట్లు.

1995లో ఖగోళవేత్తలు మేయర్, కెలోజ్ 51 పెగాసి అనే తార వర్ణపటంలో సెకనుకు 59 మీటర్ల ఊపు పట్టారు. గ్రహం చుట్టు 4.2 రోజులే, బరువు ‘కనీసం’ గురుడిలో సగం. ఊపులో మనవైపు వచ్చే భాగమే కనబడుతుంది, కక్ష్య వాలు తెలియదు మరి. 1999లో హెచ్‌డీ 209458 అనే తారకు అడ్డంగా దాని గ్రహం వెళ్లి వెలుగు ఒకటిన్నర శాతం తగ్గింది. కక్ష్య అంచు మనవైపే ఉందన్నమాట. ‘కనీసం’ తీసేసి, గురుడిలో సుమారు 0.69 వంతు అని రాసుకున్నారు.

భూమి సూర్యుణ్ని ఊపేది సెకనుకు 9 సెంటీమీటర్లే. అంత సన్నని ఊపు కోసం ఇప్పుడు వెతుకుతుంటే, తార ఉపరితలంలో ఉడికే వాయువులే అంతకు మించి కదులుతున్నాయి.