రోదసీ సంగీతం: స్వరకర్త ఎవరు?

రోదసీ కథాచిత్రాల సంగీతాన్ని వింతశబ్దాల గారడీ అని తోసిపుచ్చడం విమర్శకులకు చాలాకాలం అలవాటు. ఆ శబ్దాలను చేసిన చేతులెవరివి, స్వరకర్త అన్న పేరు వారికి ఎందుకు దక్కలేదు అని ప్రశ్నించుకుంటే, ఇది ఒక్క అభిరుచికి సంబంధించిన విషయం కాదని తేలుతుంది.

1956లో అమెరికాలో ఎం.జి.ఎం. సంస్థ "ఫర్బిడెన్ ప్లానెట్" విడుదల చేసింది. పూర్తి నిడివి గల వ్యాపారచిత్రాల్లో సంగీతమంతా ఎలక్ట్రానిక్ పరికరాలతోనే సమకూర్చినది అదే మొదటిది. సమకూర్చినవారు న్యూయార్కులో ఉండిన లూయీ, బీబీ బారన్ దంపతులు. పెళ్ళికానుకగా వచ్చిన టేపురికార్డరే వారి పెట్టుబడి. నార్బర్ట్ వీనర్ 1948లో ప్రకటించిన "సైబర్నెటిక్స్" గ్రంథం చదివి, ప్రాణుల మాదిరి స్పందించే సర్క్యూట్లను లూయీ తయారుచేసేవాడు. విద్యుత్తు ఎక్కువై అవి కిచకిచలాడేవి, మూలిగేవి, చివరకు మాడిపోయేవి. మాడిన సర్క్యూటు మళ్ళీ ఆ గొంతుతో పలకదు. ఆ ధ్వనులను టేపు మీద పట్టి, గంటల తరబడి విని, పనికివచ్చేవి ఏరడం బీబీ పని. ఈ ఏరడంలోనే సంగీతజ్ఞానమంతా ఉంది.

ఇంత చేసినా చిత్రంలో వారి పేర్ల పక్కన "సంగీతం" అన్న మాట పడలేదు. "ఎలక్ట్రానిక్ టొనాలిటీస్" అని వేశారు. వాద్యకారుల యూనియనుతో పేచీ వస్తుందని సంస్థ భయం. ఇక్కడ అభ్యుదయవాదులు కాస్త ఆగి ఆలోచించాలి. యంత్రం తమ కూడు తీస్తుందన్న వాద్యకారుల భయం ఉత్తది కాదు. టాకీలు వచ్చినప్పుడు మూకీచిత్రాల హాళ్ళలో వాయించేవారు వేలసంఖ్యలో వీధిన పడ్డారు. కాని ఆ భయానికి మూల్యం చెల్లించుకున్నది స్టూడియో యజమాని కాదు, మరో ఇద్దరు శ్రమజీవులు. యజమానికి సంగీతమూ దక్కింది, పేచీ లేకుండానూ గడిచింది.

ఇంగ్లండులో అడ్డుపడింది ఆఫీసు ఆనవాయితీ. కేంబ్రిడ్జిలో గణితమూ సంగీతమూ చదివిన డీలియా డెర్బీషైర్‌ను, రికార్డింగు స్టూడియోల్లోకి ఆడవాళ్ళను తీసుకునే పద్ధతి లేదని డెక్కా కంపెనీ తిప్పిపంపింది. తర్వాత ఆమె బి.బి.సి.లో చేరి, రేడియోఫోనిక్ వర్క్‌షాపుకు వెళ్ళింది. 1963లో "డాక్టర్ హూ" ధారావాహికకు రాన్ గ్రెయినర్ ఒక్క కాగితం మీద వరస రాసి ఇచ్చాడు. ఏ వాద్యమో రాయవలసిన చోట మేఘాలు, గాలిబుడగలు వంటి మాటలున్నాయట! అప్పటికి అక్కడ సింథసైజరు లేదు. మీటిన తీగ నాదాన్నీ, ఆసిలేటర్ల కూతనూ టేపు మీద పట్టి, శ్రుతి కోసం వేగం మార్చి, స్వరానికొక ముక్క చొప్పున కొలిచి కోసి అతికించింది డీలియా. సహాయకుడు డిక్ మిల్స్. విన్న గ్రెయినర్ ఇది తాను రాసిందేనా అని విస్తుపోయాడట. ఆమెను సహస్వరకర్తగా పేర్కొనాలని అతనే కోరాడు. సిబ్బంది అనామకంగా ఉండాలన్నది బి.బి.సి. పద్ధతి, ఒప్పుకోలేదు.

వరస కాగితం మీద ఉంటుంది కనుక దానికి హక్కుదారు ఏర్పడ్డాడు. నాదం టేపు మీద ఉండిపోయింది. మన సినిమాల్లోనూ వరస కట్టినవారిని ఎరిగినంతగా వాద్యగోష్ఠి కూర్చినవారిని ఎరగం.

డీలియా 2001లో చనిపోయింది. ఆ సంగీతానికి తెరమీద ఆమె పేరు పడింది 2013లో, ధారావాహిక 50 ఏళ్ళ పండుగకు తీసిన ప్రత్యేక భాగంలో.