గీక్: కోడి తల కొరికినవాడి పేరు

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో అమెరికాలో ఊరూరా తిరిగే కార్నివాల్‌లు ఉండేవి. రంగులరాట్నం, జోస్యం చెప్పే ఆవిడ, కత్తులు మింగేవాడు, ఇలా డేరాకొక వింత. వాటిలో అన్నిటికన్నా నీచంగా చూసే ఆట ఒకటుంది. గోతిలోనో కంచె కట్టిన దొడ్డిలోనో జుట్టు అట్టలు కట్టి, ఒళ్లంతా మట్టి పూసుకున్న మనిషి కూర్చునేవాడు. అడవిలో దొరికాడని, మనిషికీ మృగానికీ మధ్యవాడని బయట ఒకడు అరిచి చెప్పేవాడు. జనం డబ్బులిచ్చి చుట్టూ మూగాక లోపలికి బతికున్న కోడిని విసిరేవారు. అతను దాన్ని పట్టుకుని తల కొరికేసేవాడు. ఒక్కోచోట కోడికి బదులు పాము. కార్నివాల్ వాళ్ల భాషలో ఆ మనిషి పేరు గీక్.

ఇవాళ హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదివే కుర్రాడు 'నేను టెక్ గీక్‌ని' అని నలుగురిలో గర్వంగా చెప్పుకుంటాడు. ఆ గోతికీ ఈ గర్వానికీ మధ్య గడిచింది వందేళ్ల లోపే. ఇంత తక్కువ కాలంలో ఇంత దూరం వచ్చిన మాటలు అరుదు. అయితే నన్ను పట్టి ఆపేది భాషలోని ఈ వింత ఒక్కటే కాదు. ఒక సమాజం ఎవర్ని చూసి నవ్వుతుంది, ఎవరి ముందు చేతులు కట్టుకుంటుంది, ఆ రెండూ ఎప్పుడు తారుమారవుతాయి అన్న లెక్క మొత్తం ఈ చిన్న మాటలో దొరుకుతుంది.

మాట కార్నివాల్ కంటే చాలా పాతది. డచ్ భాషలో 'గెక్' అంటే పిచ్చివాడు. జర్మన్‌లోనూ దానికి చుట్టాలున్నాయి. కొలోన్ నగరంలో ఏటా జరిగే వేషాల పండగలో చిందులేసేవాళ్లు తమను తాము 'యెక్' అని ముద్దుగా పిలుచుకుంటారు. ఇంగ్లీషులోకి అది 'గెక్'గానే వచ్చింది. షేక్‌స్పియర్ 'ట్వెల్త్ నైట్' నాటకం చివర్లో మాల్వోలియో, అందరూ కలిసి తనను వెర్రివాణ్ని చేశారని మొరపెట్టుకునేటప్పుడు వాడేది ఈ మాటే. ఉత్తర ఇంగ్లండ్ మాండలికాల్లో అది 'గీక్' అయింది. విట్బీ ప్రాంతపు పలుకుబడి మీద 1876లో వచ్చిన పదకోశం దానికి బుద్ధిహీనుడు, నాగరికత తెలియనివాడు, ఇట్టే మోసపోయేవాడు అని అర్థాలిచ్చింది. అదే డచ్‌లో 'గెక్ ఓప్' అనే వాడుక కూడా ఉంది. ఒకదాని మీద విపరీతమైన ఇష్టం ఉందని దాని భావం. మనం సినిమా పిచ్చి, పుస్తకాల పిచ్చి అన్నట్టే. అంటే ఈనాటి అర్థం ఎక్కడో ఆ వేరులోనే ఉంది, బయటికి రావడానికి చాలా కాలం పట్టింది.

కార్నివాల్ గీక్ ఎలా తయారవుతాడో లోకానికి చెప్పినవాడు విలియం లిండ్సే గ్రెషమ్. 1930ల చివర్లో స్పెయిన్ అంతర్యుద్ధంలో రిపబ్లిక్ పక్షాన స్వచ్ఛందంగా పనిచేయడానికి వెళ్లిన ఈ అమెరికన్ రచయితకు అక్కడ పరిచయమైన ఒక మాజీ కార్నివాల్ పనివాడు ఆ సంగతి చెప్పాడు. విన్నది ఆయన్ని ఏళ్ల తరబడి వదల్లేదు. 1946లో 'నైట్‌మేర్ ఆలీ' నవలగా బయటపడింది. అందులో చెప్పిన పద్ధతి ఇది. కార్నివాల్ యజమాని తాగుడుకు బానిసై దిక్కులేకుండా తిరుగుతున్నవాణ్ని వెతికి పట్టుకుంటాడు. అసలు గీక్ దొరికేదాకా తాత్కాలికంగా ఈ పని చెయ్యమంటాడు. కొరకనక్కర్లేదు, చేతిలో బ్లేడు దాచుకుని కోడి మెడ కోసి నెత్తురు తాగినట్టు నటిస్తే చాలు. రోజూ సీసా, పడుకోవడానికి చోటు. కొన్నాళ్లు గడిచాక, నీ నటన జనాన్ని రప్పించడం లేదు, నిజమైన గీక్‌ను తెచ్చుకుంటాను, నువ్వు వెళ్లిపో అంటాడు. సీసా పోతుందన్న భయం ఆ మనిషిని ఆ రాత్రంతా నమిలేస్తుంది. మర్నాడు కోడిని విసిరితే అతను నిజంగానే కొరుకుతాడు.

నాకు తెలిసి మనిషిని దిగజార్చడం గురించి ఇంత స్పష్టంగా చెప్పిన కథలు ఎక్కువ లేవు. గీక్‌గా ఎవరూ పుట్టరు, అవసరం చూసి కాచుక్కూర్చున్నవాళ్లు తయారుచేస్తారు. నవల మరుసటి ఏడాదే టైరోన్ పవర్ కథానాయకుడిగా సినిమా అయింది. 2021లో గియర్మో డెల్ టోరో మళ్లీ తీశారు. గ్రెషమ్ తాను కూడా తాగుడుతో చాలాకాలం పెనుగులాడి, 1962లో న్యూయార్క్‌లోని ఒక హోటల్ గదిలో ప్రాణం తీసుకున్నాడు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత మాట గోతిలోంచి పైకి వచ్చి కాలేజీ గేటు దగ్గర నిలబడింది. 1957లో రాసిన ఒక ఉత్తరంలో అమెరికన్ రచయిత జాక్ కెరువాక్ దాన్ని విద్యార్థుల ప్రశ్నలకు విశేషణంగా వాడాడు. చదువు ఛాందసం అన్న రంగు పులుముకోవడం అప్పటికే మొదలైందన్నమాట. 1970ల నాటికి అమెరికన్ హైస్కూలు యాసలో అది స్థిరపడింది. ఆటల్లో చేరనివాడు, అమ్మాయిలతో మాట్లాడలేనివాడు, రేడియో విడిభాగాలతోనో సైన్స్ ఫిక్షన్ పుస్తకాలతోనో కాలం గడిపేవాడు గీక్. కోడి లేదు, గొయ్యి లేదు. చుట్టూ నిలబడి నవ్వే జనం మాత్రం ఉన్నారు.

ఆ పిల్లల్లో కొందరు ఒకరినొకరు వెతుక్కున్నారు. 1975 జనవరి 'పాపులర్ ఎలక్ట్రానిక్స్' పత్రిక ముఖచిత్రంగా ఆల్టెయిర్ 8800 అనే కంప్యూటర్ కిట్ వచ్చింది. దాన్ని విప్పి, బిగించి, చర్చించుకోవాలన్న ఆత్రంతో అదే ఏడాది మార్చి 5న కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో గోర్డన్ ఫ్రెంచ్ ఇంటి గ్యారేజీలో కొంతమంది చేరారు. అదే హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్. ఆ సమావేశానికి వచ్చిన స్టీవ్ వోజ్నియాక్, తర్వాత ఆపిల్ వన్‌గా అమ్ముడైన యంత్రానికి తాను గీసిన సర్క్యూట్ పటాల నకళ్లను క్లబ్ సభ్యులకు ఉచితంగా పంచిపెట్టాడు. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. అక్కడ ఎవరూ ఎవర్నీ చూసి నవ్వలేదు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పడమే ఆ గది నియమం. గీక్ అనే మాటకు తర్వాత వచ్చిన గౌరవంలో న్యాయమైన వాటా ఏదైనా ఉంటే అది ఇలాంటి గదుల్లో సంపాదించిందే.

సినిమావాళ్లకు మాత్రం 1984లో కూడా గీక్ నవ్వులాటే. ఆ ఏడాది వచ్చిన 'సిక్స్‌టీన్ క్యాండిల్స్'లో ఆంథొనీ మైకేల్ హాల్ వేసిన పాత్రను టైటిల్స్‌లో కూడా 'ది గీక్' అనే వేశారు. అదే ఏడాది వచ్చిన 'రివెంజ్ ఆఫ్ ద నర్డ్స్'లో హేళనకు గురైనవాళ్లు గెలుస్తారు. కానీ వాళ్లంతా మగపిల్లలే. కంప్యూటర్ ముందు కూర్చున్న బొమ్మ అంటే కళ్లజోడు పెట్టుకున్న తెల్లజాతి కుర్రాడి బొమ్మ అన్న ముద్ర అలా బలపడింది. ఇళ్లకు అమ్మే చిన్న కంప్యూటర్ల ప్రకటనలు కూడా మగపిల్లలను చూపించే వచ్చాయి. దాని ఫలితం అంకెల్లో కనపడుతుంది. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ తీసుకునేవాళ్లలో అమ్మాయిల వాటా 1980ల నడుమ సుమారు 37 శాతం. 2010 దాటేసరికి అది 18 శాతం దరిదాపులకు పడిపోయింది. 1946లో ప్రపంచానికి చూపించిన ఎనియాక్ యంత్రానికి ప్రోగ్రాములు సిద్ధం చేసినవాళ్లు ఆరుగురు ఆడవాళ్లు అన్న సంగతి ఆ తరానికి ఎవరూ చెప్పలేదు. ఒక ముద్దుపేరు తలుపు తెరిచినట్టే కనిపిస్తూ కొందరికి ఆ తలుపును మూసింది. గీక్ సంస్కృతిని మెచ్చుకునే వ్యాసాలు దీన్ని దాటేసి వెళ్లడం అన్యాయం.

తర్వాత డబ్బు వచ్చింది. 1995 ఆగస్టు 9న, వెబ్ బ్రౌజర్ తయారుచేసే నెట్‌స్కేప్ కంపెనీ షేరు 28 డాలర్లకు మార్కెట్‌లోకి వచ్చి సాయంత్రానికి 58 డాలర్లు దాటింది. కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకడైన మార్క్ ఆండ్రీసన్‌కు అప్పుడు 24 ఏళ్లు. 1996 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక అతన్ని చెప్పుల్లేని కాళ్లతో బంగారు సింహాసనం మీద కూర్చోబెట్టి ముఖచిత్రం వేసింది. దాని శీర్షికలో గీకులు బంగారు గీకులయ్యారు. దానికి రెండేళ్ల ముందే, 1994లో, మినియాపొలిస్‌లో రాబర్ట్ స్టీఫెన్స్ ఇళ్లకొచ్చి కంప్యూటర్లు బాగుచేసే సంస్థకు గీక్ స్క్వాడ్ అని పేరు పెట్టుకున్నాడు. తిట్టును బోర్డు మీద రాసుకుని వ్యాపారం చేసే రోజు వచ్చేసింది.

కానీ సింహాసనం మీద కూర్చున్నది ఒక్కడే. 1999 ఏప్రిల్ 20న కొలరాడోలోని కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు జరిపిన కాల్పుల తర్వాత, నల్ల కోట్లు వేసుకునే, వీడియో గేములు ఆడే, ఒంటరిగా తిరిగే పిల్లలను చాలా అమెరికన్ బడులు అనుమానంగా చూడటం మొదలుపెట్టాయి. ఆ పిల్లలు రాసుకున్న బాధను జాన్ కాట్జ్ అనే పాత్రికేయుడు అప్పట్లో వెలుగులోకి తెచ్చాడు. పత్రికల్లో గీక్ కుబేరుడు, బడిలో గీక్ అనుమానితుడు. రెండూ ఒకే దేశంలో, మూడేళ్ల తేడాలో జరిగాయి. గౌరవం అందింది సంపదకు, ఆసక్తికి కాదని నేను అనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఆ తర్వాతి దారి మీకు తెలిసిందే. 2006 నుంచి స్పెయిన్‌లో మే 25ను గీక్ గౌరవ దినంగా జరుపుకుంటున్నారు. 1977లో 'స్టార్ వార్స్' విడుదలైన రోజది. 2007లో మొదలై 2019 దాకా నడిచిన 'బిగ్ బ్యాంగ్ థియరీ' గీకులను ఇంటింటి అతిథుల్ని చేసింది. 2013లో కాలిన్స్ నిఘంటువు 'గీక్'ను ఆ ఏటి మాటగా ఎంచుకుంది. ఒక విషయంలో లోతైన తెలివి, ఉత్సాహం ఉన్నవాడు అన్న అర్థాన్ని అధికారికంగా చేర్చింది.

మన దగ్గరికి ఈ మాట 1990ల తర్వాత అమీర్‌పేట కోర్సులతో, అమెరికా వీసాలతో కలిసి వచ్చింది. దెబ్బలన్నీ అక్కడే తిని, మెరిసే అర్థంతో వచ్చింది. ఫస్టు వచ్చే పిల్లవాణ్ని మన బడుల్లో ఎవరూ వెలివేయలేదు. ర్యాంకు వస్తే ఫొటో హోర్డింగుకెక్కుతుంది. కంప్యూటర్ చదువు ఆడపిల్లకు నప్పదని కూడా మన తల్లిదండ్రులు అనుకోలేదు, పైగా నీడపట్టున చేసే మంచి ఉద్యోగమని ఎంచారు. అందుకే అమెరికాలో పెరిగే తెలుగు పిల్ల 'బడిలో నన్ను గీక్ అన్నారు' అని చిన్నబుచ్చుకుని వస్తే అమ్మానాన్నలకు ఆ బాధ వెంటనే అందదు. వాళ్ల చెవికి అది మెచ్చుకోలు.

అలాగని మనం గీకులను ఆదరించే జాతిమని చెప్పుకోలేను. మనం ఆదరించేది ర్యాంకును. సిలబస్‌లో లేని దాని మీద ప్రాణం పెట్టినవాణ్ని మనమూ పిచ్చివాడనే అంటాం. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో బడిపంతులు. కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకోవాలని పూనుకున్నారు. ఆ తిరుగుళ్లలో మలేరియా తగిలి, క్వినైన్ వాడి వినికిడి పోగొట్టుకున్నారు. అయినా వదలకుండా ఆ భాషకు వ్యాకరణం రాశారు, నిఘంటువులు కూర్చారు. కాలిన్స్ ఇచ్చిన కొత్త అర్థానికి ఇంతకన్నా సరిపోయే తెలుగువాడు నాకు తోచడు. ఆ పనికి ర్యాంకు లేదు, జీతం పెరగదు, హోర్డింగు రాదు.

మీ ఇంట్లో పాత నాణేలో, పిట్టల కూతలో, రైళ్ల టైంటేబుళ్లో, ఎవరూ పట్టించుకోని ఏ భాషో పట్టుకుని గంటలు మరిచిపోయే పిల్ల ఉంటే, దానివల్ల లాభమేంటని అడగకండి. పక్కన కూర్చుని, అదేమిటో చెప్పమనండి, చివరిదాకా వినండి.