శాశ్వత అయస్కాంత మోటారు: రూపకల్పన, నష్టాల లెక్క

తిరిగే భాగమైన రోటరులో తీగచుట్టకు బదులు అయస్కాంతాలు అమర్చిన విద్యుత్ మోటారును శాశ్వత అయస్కాంత మోటారు అంటారు. క్షేత్రం పుట్టించడానికి కరెంటు అక్కర్లేదు కాబట్టి రోటరులో రాగి నష్టం ఉండదు. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్ల దాకా తీసుకుంటే ఇలాంటి మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వాట్లు సరిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

అనకాపల్లి జిల్లాలో, సముద్ర తీరం వైపు అచ్యుతాపురం దగ్గర, ఈ రంగానికి కావలసిన సరుకు ఒకటి తయారవుతోంది. భాభా అణు పరిశోధన కేంద్రం ఆవరణలో ఐఆర్‌ఈఎల్ సంస్థ కట్టిన అయస్కాంతాల కర్మాగారాన్ని 2023 మే 11న ప్రధాని నరేంద్ర మోదీ జాతికి అంకితం చేశారు. అక్కడ చేసేది సమేరియం-కోబాల్ట్ అయస్కాంతం, సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలు. స్కూటర్లు, కార్ల మోటార్లలో ఎక్కువగా కనిపించేది మాత్రం 1980లలో వచ్చిన నియోడిమియం-ఇనుము-బోరాన్ రకం. బలంలో దానిదే పైచేయి, ధర కూడా తక్కువ. అయినా సమేరియానికి గిరాకీ తగ్గలేదు. ఎందుకో నష్టాల లెక్కలో తెలుస్తుంది.

కదలని భాగమైన స్టేటరు చుట్టలో పుట్టే రాగి నష్టం కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేడెక్కితే రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.39 శాతం హెచ్చుతుంది. 20 డిగ్రీల వద్ద 100 వాట్లున్న నష్టం, అదే కరెంటుకు 120 డిగ్రీల వద్ద 139 వాట్లవుతుంది. లెక్క అక్కడితో ఆగదు. నియోడిమియం అయస్కాంతం డిగ్రీకి దాదాపు 0.12 శాతం బలం కోల్పోతుంది. రోటరూ అంతే వేడెక్కిందనుకుంటే 12 శాతం పోయినట్టు. అదే టార్కు రావాలంటే కరెంటు పెంచాలి, దాంతో నష్టం 180 వాట్లకు చేరుతుంది. సమేరియం-కోబాల్ట్ డిగ్రీకి 0.04 శాతమే తగ్గుతుంది కనుక 151 వాట్ల దగ్గర నిలుస్తుంది. చల్లని మోటారు మీద గీసిన సామర్థ్య పటాన్ని నమ్మకూడదనడానికి ఈ తేడా చాలు.

ఇనుప నష్టం రెండు రకాలు: శైథిల్య నష్టం, ఎడ్డీ ప్రవాహాల నష్టం. రెండోది పౌనఃపున్యం వర్గాన్నీ రేకు మందం వర్గాన్నీ బట్టి పెరుగుతుంది. అందుకే ఎక్కువ ధ్రువాలతో వేగంగా తిరిగే మోటార్లకు సిలికాన్ ఉక్కు రేకులను పలచగా, 0.2 - 0.35 మిల్లీమీటర్ల మందంలో కోయిస్తారు. ధ్రువాలు పెంచితే వెన్ను ఇనుము, చుట్ట చివరల రాగి తగ్గుతాయి గానీ పౌనఃపున్యం పెరిగి ఇనుప నష్టం మీద పడుతుంది. రూపకర్త బేరం ఎక్కువగా ఇక్కడే.

వాట్లలో చిన్నదైనా ప్రమాదకరమైనది అయస్కాంతంలోనే పుట్టే ఎడ్డీ నష్టం. స్టేటరు వేడి పై తొడుగు గుండా బయటికి పోతుంది; రోటరు వేడి గాలి సందు దాటాలి. హద్దు మించితే నియోడిమియం అయస్కాంతం బలం మళ్లీ రాకుండా పోతుంది. దీన్ని ఆపడానికి అయస్కాంతాన్ని ముక్కలుగా కోసి, మధ్య విద్యుత్ బంధకం పూసి అతికిస్తారు, లేదా డిస్ప్రోసియం కలుపుతారు.

బేరింగు రాపిడినీ గాలి రాపిడినీ ఇనుప నష్టం నుంచి వేరు చేయడం మరో చిక్కు. అయస్కాంతాన్ని ఆపివేసే వీలు లేదు. అందుకని అయస్కాంతీకరించని అదే ఆకారపు రోటరును బిగించి తిప్పి చూస్తారు. రెండు కొలతల తేడాయే ఖాళీ పరుగులో అయస్కాంత క్షేత్రం తెచ్చిన నష్టం.