పిన్యన్ పైన్: కొండచెట్టు కాపుపై వాతావరణ ప్రభావం

మామిడి బాగా పూయవలెనంటే శీతకాలంలో తగినంత చలి ఉండాలని మన రైతులకు తెలిసినదే. ఆ చలికీ కాయకోతకూ మధ్య వ్యవధి కొద్ది నెలలు మాత్రమే కనుక, కాపు తగ్గిన ఏడాది కారణం ఊహించడం సులభం. ఉత్తర అమెరికా కొండలలో పెరిగే పిన్యన్ పైన్ విషయంలో ఈ వ్యవధి రెండేళ్ళకు పైమాటే. ఈ ఏటి విత్తనాల పంట రెండేళ్ళ కిందటి వేసవి చివరి రోజుల మీద ఆధారపడి ఉంటుంది. ఆ రోజులు నానాటికీ వేడెక్కుతున్నందున చెట్టు కాపు తగ్గిపోవడం శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చినది.

చెట్టు, దాని నెలవు

పిన్యన్ పైన్ అమెరికా సంయుక్త రాష్ట్రాల నైరుతి భాగంలో, ముఖ్యంగా న్యూ మెక్సికో, కొలరాడో, యూటా, అరిజోనా రాష్ట్రాలలో విస్తరించి ఉన్నది. వానలు తక్కువగా పడే కొండవాలులలో, పీఠభూములలో జునిపర్ చెట్లతో కలిసి పెరుగుతుంది. అంత ఎత్తు పెరగని ఈ చెట్టు కొన్ని వందల ఏళ్ళు బ్రతుకగలదు. న్యూ మెక్సికోకు ఇదే రాష్ట్ర వృక్షం.

దీని గింజలోని పప్పు నూనె, మాంసకృత్తులు కలిగిన బలమైన ఆహారం. నవాహో, హోపీ, ప్యూబ్లో మొదలైన స్థానిక జాతులవారు తరతరాలుగా శరదృతువులో కుటుంబాలతో అడవికి వెళ్ళి ఈ గింజలను ఏరుకొంటారు. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లోని కిన్నౌర్ ప్రాంతపు చిల్గోజా పప్పు కూడా ఇటువంటి పైన్ జాతి చెట్టు నుండి వచ్చినదే.

కాయ తయారయ్యే క్రమం

పైన్ చెట్టుకు మామిడివలె పూవు, పండు ఉండవు. పొలుసులు పేర్చినట్లుండే శంకువులలో గింజలు ఏర్పడతాయి. వాడుకలో దీనినే పైన్ కాయ అంటాము. పిన్యన్‌లో ఒక శంకువు మొదలై పండడానికి సుమారు 26 నెలలు పడుతుంది.

మొదటి ఏడాది వేసవి చివర కొమ్మల కొనలలోని మొగ్గలలో శంకువు తొలి రూపం దాల్చుతుంది. అప్పటికి అది కంటికి కనిపించదు. రెండవ ఏడాది వేసవి ఆరంభంలో చిన్న శంకువు బయటపడుతుంది. పురుష శంకువుల పుప్పొడి గాలిలో కొట్టుకొని వచ్చి దానిని చేరుతుంది. చలికాలమంతా పెరుగుదల ఆగి ఉంటుంది. మూడవ ఏడాది ఫలదీకరణ జరిగి, శంకువు వేగంగా పెరిగి, శరదృతువు నాటికి విచ్చుకొని గింజలను చూపుతుంది.

ఈ మూడు దశలలో మొదటిది అతి సున్నితమైనది. ఆ సమయంలో వేసవి చివరి రోజులు చల్లగా ఉంటే శంకువులు ఎక్కువగా మొదలవుతాయి. వేడిగా ఉంటే చాలా తక్కువగా మొదలవుతాయి. తరువాత ఎంత మంచి వాన కురిసినా, మొదలుకాని శంకువు పుట్టదు. మొదలైనవి కూడా తీవ్రమైన కరవు వస్తే పండక ముందే రాలిపోవచ్చును.

ఏళ్ళ తరబడి ఎదురుచూపు

పిన్యన్ ఏటేటా ఒకే తీరున కాయదు. కొన్నేళ్ళు నామమాత్రంగా కాచి, ఒక ఏడాది ఆ ప్రాంతమంతటా ఒక్కసారిగా విరగకాస్తుంది. దీనివలన చెట్టుకు మేలున్నది. కాపులేని ఏళ్ళలో గింజలు తినే పురుగులు, ఎలుకలు, పక్షులు అంతగా వృద్ధి చెందవు. విరగకాసిన ఏడాది అవన్నీ తినగా కూడా మొలకెత్తడానికి గింజలు మిగులుతాయి.

కొమ్మలు చెప్పిన లెక్క

శంకువు రాలిన చోట కొమ్మపై మచ్చ మిగులుతుంది. కొమ్మ ఏటేటా పెరిగిన కణుపులను బట్టి ఏ మచ్చ ఏ ఏటిదో గుర్తించవచ్చును. ఫ్రాంక్ ఫోర్సెల్లా అనే పరిశోధకుడు ఈ పద్ధతిలో 1969 నుండి 1978 వరకు గల కాపును లెక్కించి, వేసవి చివరి ఉష్ణోగ్రతతో దానికి గల సంబంధాన్ని 1981లో ప్రకటించారు. తరువాత మిరాండా రెడ్‌మండ్, నికోల్ బార్గర్‌లతో కలిసి న్యూ మెక్సికో, ఒక్లహోమాలలోని ఆ చోట్లనే తిరిగి పరిశీలించి, 2003 నుండి 2012 వరకు గల కాపును లెక్కించారు. రెండు దశాబ్దాలను పోల్చగా శంకువుల సంఖ్య సగటున 40 శాతం తగ్గినట్లు తేలినది. వేడి ఎక్కువగా పెరిగిన చోట్లనే కాపు ఎక్కువగా పడిపోయినది. అవి ఎత్తైన ప్రదేశాలు కావడం గమనార్హం. ఎత్తున ఉన్న అడవికి వేడి బాధ లేదనుకోవడం సరికాదని దీనివలన తెలుస్తున్నది.

ఎవరికి నష్టం

పిన్యన్ గింజకు గాలిలో ఎగిరే రెక్క లేదు. దానిని దూరానికి చేర్చేవి పక్షులే. అందులో ముఖ్యమైనది పిన్యన్ జే అనే నీలిరంగు పక్షి. అది చలికాలం కోసం గింజలను నేలలో దాచుకొంటుంది. తిరిగి తీసుకోని గింజలే కొత్త మొక్కలవుతాయి. కాపు తగ్గితే పక్షికి మేత తగ్గుతుంది. పక్షులు తగ్గితే చెట్టుకు విత్తేవారు తగ్గుతారు. ఈ పక్షుల సంఖ్య కొన్ని దశాబ్దాలుగా బాగా క్షీణించినది.

2002, 2003 సంవత్సరాలలో వచ్చిన తీవ్రమైన కరవులోనూ, దానితోపాటు విజృంభించిన బెరడు పురుగు వలననూ ఈ ప్రాంతంలో పిన్యన్ చెట్లు పెద్ద ఎత్తున చనిపోయినవి. పోయిన చెట్ల చోట కొత్తవి లేవాలంటే విత్తనం కావాలి. మొక్క కాపుకు రావడానికే సుమారు పాతికేళ్ళు పడుతుంది. గింజలు నేలలో ఏళ్ళ తరబడి జీవంతో నిలువవు. కనుక కాపులేని ఏళ్ళు వరుసగా వస్తే అడవి తిరిగి నిండడం కష్టమవుతుంది.

అయితే, కాపు రెండేళ్ళ ముందే మొదలవుతున్నందున ఒక వెసులుబాటు కూడా ఉన్నది. వేసవి చివరి ఉష్ణోగ్రతలను ఏటేటా నమోదు చేసుకొంటే రాబోయే కాపును ముందుగా అంచనా వేయవచ్చును. లోటు రాగల ఏడాది తెలిస్తే, ఏరుకొనేవారు పక్షులకూ అడవికీ కొంత విడిచిపెట్టడానికి వీలవుతుంది.